కంఠసర్పి – పిల్లల అత్యవసర వైద్య చరిత్రలో ఒక అధ్యాయం

ఢిల్లీ నగర పటం ఒకటి ముందు పెట్టుకుని ఉత్తరం వైపు చూడండి. ఢిల్లీ విశ్వవిద్యాలయం దాటగానే మెట్రో రైలు పసుపు మార్గంలో గురు తేగ్ బహదూర్ నగర్ అనే స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి కాస్త నడిస్తే ముఖర్జీ నగర్. సివిల్ సర్వీసు పరీక్షలకు తయారయ్యే యువతీయువకులతో, కోచింగ్ సెంటర్ల బోర్డులతో, జిరాక్స్ షాపులతో కిక్కిరిసి ఉండే పేట అది. మన తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన విద్యార్థులూ అక్కడి ఇరుకు గదుల్లో అద్దెకుంటూ చదువుకోవడం మామూలే. ఏ మెస్సులో భోజనం బాగుంటుందో, ఏ దుకాణంలో నోట్సు చవకగా దొరుకుతుందో వాళ్లు ఠకీమని చెప్పగలరు. ఆ పేటకు ఆనుకునే ఉన్న ఒక ఆస్పత్రి సంగతి మాత్రం వాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు.

దాని పేరు మహర్షి వాల్మీకి అంటువ్యాధుల ఆస్పత్రి. ఆ ప్రాంతానికి ఉన్న పాత పేరు కింగ్స్‌వే క్యాంపు. 1911 డిసెంబరులో అయిదో జార్జి చక్రవర్తి దర్బారు జరిగింది ఈ పరిసరాల్లోనే. 1947లో దేశ విభజన జరిగినప్పుడు పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన శరణార్థులకు వేసిన పెద్ద శిబిరం కూడా ఇక్కడే ఉండేది. రాజన్ బాబు క్షయ ఆస్పత్రి కూడా ఈ పక్కనే ఉంది. అంటువ్యాధుల ఆస్పత్రులను ఊరికి దూరంగా కట్టడం ఒకప్పటి పద్ధతి. తర్వాత ఊరు పెరుగుతుంది, ఆస్పత్రి ఊరి మధ్యకు వచ్చేస్తుంది. మన హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆస్పత్రిని పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట అలా మారింది.

2018 సెప్టెంబరులో ఈ కింగ్స్‌వే క్యాంపు ఆస్పత్రి పేరు దేశంలోని పత్రికలన్నింటిలోనూ వచ్చింది. ఆ నెల మొదటి వారం నుంచి అక్కడికి గొంతు వాచి, ఊపిరి ఆడని పిల్లలు వరసగా వచ్చారు. ఎక్కువమంది పశ్చిమ ఉత్తర ప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల జబ్బు డిఫ్తీరియా. మన పాఠ్యపుస్తకాల్లో కంఠసర్పి అని చదివి ఉంటారు. నెల ముగిసేలోపల 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ జబ్బుకు ఉన్న అసలు మందు, డిఫ్తీరియా ప్రతివిషం, ఆ రోజుల్లో ఆస్పత్రిలో లేదు.

ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. ఆస్పత్రి ఉంది. వైద్యులున్నారు. ఈ జబ్బును ఏటేటా చూస్తూ ఉన్న అనుభవం ఉంది. ఢిల్లీలోనే కాదు, చుట్టుపక్కల జిల్లాల వైద్యులు కూడా కంఠసర్పి అనుమానం వస్తే ఇక్కడికే పంపుతారు. లేనిది ఒక్క మందు సీసా. పిల్లల అత్యవసర వైద్యం అనగానే మనకు మోగుతున్న అంబులెన్సు, పరుగెత్తే నర్సులు గుర్తొస్తారు. అది నిజమే గాని, సగం నిజం. మిగతా సగం అంబులెన్సు బయలుదేరడానికి ఎన్నో నెలల ముందే మొదలవుతుంది. ఆ సగం ఎలాంటిదో తెలియాలంటే ఈ జబ్బు ఏమిటో, దాని మందు ఎలా పుట్టిందో తెలుసుకోవాలి.

కంఠసర్పి ఒక బాక్టీరియా వల్ల వస్తుంది. దాన్ని ఎడ్విన్ క్లెబ్స్ 1883లో సూక్ష్మదర్శినిలో చూశాడు. మరుసటి ఏడాది ఫ్రీడ్రిక్ లోఫ్లర్ దాన్ని వేరుచేసి పెంచి, జబ్బుకు కారణం అదేనని చూపాడు. తుమ్మితే, దగ్గితే వెలువడే తుంపర్ల ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. గొంతులో, టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర ఏర్పడుతుంది. తోలులా మందంగా ఉండి గట్టిగా అతుక్కుపోతుంది. లాగితే రక్తం వస్తుంది. పియర్ బ్రెతోనో అనే ఫ్రెంచి వైద్యుడు 1826లో ఈ జబ్బుకు పేరు పెట్టినప్పుడు తోలు అని అర్థం వచ్చే గ్రీకు మాటనే తీసుకున్నాడు. పొర కిందికి పాకి స్వరపేటికను కప్పేస్తే బిడ్డకు గాలి అందదు. మెడ గ్రంథులు ఉబ్బి ఎద్దు మెడలా కనిపిస్తుంది.

పెద్దవాళ్ల కంటే పిల్లలకు ఇది ఎందుకంత ప్రమాదకరం? ఇక్కడ మీరు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే పాయిజూలి సూత్రం పనికొస్తుంది. ఒక సన్నని గొట్టంలో ద్రవం గాని వాయువు గాని నెమ్మదిగా, సాఫీగా ప్రవహించేటప్పుడు దానికి ఎదురయ్యే నిరోధం గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. పసిబిడ్డ శ్వాసమార్గం వ్యాసం 4 మిల్లీమీటర్లు అనుకోండి. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వచ్చింది. వ్యాసార్ధం 2 నుంచి 1 అయింది. నిరోధం 2 యొక్క నాలుగో ఘాతం, అంటే 16 రెట్లు పెరిగింది. పెద్దవారి మార్గం 8 మిల్లీమీటర్లు అనుకుంటే అదే వాపుకు వ్యాసార్ధం 4 నుంచి 3 అవుతుంది. నిరోధం దాదాపు 3 రెట్లే. బిడ్డ ఏడ్చి గుక్కపట్టినప్పుడు గాలి సుడులు తిరుగుతుంది, అప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. ఈ లెక్కను నేను తరగతిలో బోర్డు మీద వేయించిన ప్రతిసారీ, పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం ఒక బిడ్డ గొంతులో పనిచేస్తుందని తెలిసి పిల్లలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతారు. పసిబిడ్డ చిన్న సైజు పెద్దమనిషి కాదు. పిల్లల అత్యవసర వైద్యం ప్రత్యేక శాస్త్రంగా ఎదగడానికి మొదటి కారణం అదే.

ఊపిరి ఆడకపోవడానికి పాతకాలపు వైద్యులు కనుక్కున్న ఉపాయం గొంతు కింద కోసి శ్వాసనాళంలోకి గొట్టం పెట్టడం. బ్రెతోనో 1825లో ఇలా ఒక బాలికను బతికించాడు. అది కత్తి మీద సాము. కోత పెట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఎలాగూ చనిపోయేవారు. 1885 ప్రాంతంలో న్యూయార్కులో జోసెఫ్ ఓ డ్వయర్ అనే వైద్యుడు కోత లేకుండా నోటి గుండానే స్వరపేటికలోకి చిన్న లోహపు గొట్టం జొనిపే పద్ధతిని తయారుచేశాడు. ఆయన పనిచేసింది అనాథ పిల్లల ఆస్పత్రిలో. ఈనాడు ఏ అత్యవసర విభాగంలోనైనా, ఆపరేషన్ థియేటర్‌లోనైనా మత్తువైద్యులు నోట్లోంచి గొట్టం వేయడం చూస్తాం కదా, ఆ నైపుణ్యానికి పునాదుల్లో ఒకటి కంఠసర్పితో ఉక్కిరిబిక్కిరైన ఆ పిల్లల దగ్గర పడింది.

కానీ గొట్టం వేసి ఊపిరి నిలబెట్టిన పిల్లలు కూడా కొందరు వారం, రెండు వారాలకు హఠాత్తుగా గుండె ఆగి చనిపోయేవారు. కొందరికి తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి, అంగుడి కండరాలు చచ్చుబడేవి. గొంతులో ఉన్న సూక్ష్మజీవి గుండెనెలా చంపుతోంది? చనిపోయినవారి గుండెలో వెతికితే సూక్ష్మజీవి కనిపించేది కాదు. ఈ చిక్కును పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ 1888లో విప్పారు. వాళ్లు సూక్ష్మజీవులను పెంచిన ద్రవాన్ని అతి సన్నని వడపోత గుండా పోనిచ్చారు. సూక్ష్మజీవులు మిగిలిపోయి, ద్రవం మాత్రం కిందికి దిగింది. ఆ ద్రవం ఎక్కించిన జంతువులు కంఠసర్పి లక్షణాలతోనే చనిపోయాయి. అంటే చంపుతున్నది సూక్ష్మజీవి కాదు, అది విడిచే విషం.

ఇక్కడ ఒక చిన్న విడ్డూరం చెప్పి ముందుకు వెళతాను. ఈ విషాన్ని తయారుచేసే జన్యువు నిజానికి బాక్టీరియాది కాదు. దాని ఒంట్లో చేరిన ఒక వైరస్‌ది. 1951లో విక్టర్ ఫ్రీమన్ దీన్ని కనుగొన్నాడు. వైరస్ పట్టని బాక్టీరియా గొంతులో ఉన్నా ఈ విషం పుట్టదు. విషం ఒక కణంలోకి దిగితే అక్కడ ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. తయారీ ఆగిన కణం చనిపోతుంది. ఒక్క విష అణువు చాలు, ఒక కణాన్ని చంపడానికి.

ఈ సంగతి ఎందుకు ముఖ్యమో గమనించండి. పెన్సిలిన్ ఇస్తే బాక్టీరియా చస్తుంది. కొత్త విషం పుట్టడం ఆగుతుంది. అప్పటికే రక్తంలో తిరుగుతున్న విషాన్ని పెన్సిలిన్ ఏమీ చేయలేదు. దాన్ని పట్టి కట్టేయడానికి వేరే మందు కావాలి. ఆ మందు కూడా రక్తంలో తిరిగే విషాన్నే పట్టగలదు. గుండె కణం లోపలికి ఒకసారి దిగిపోయిన విషాన్ని బయటికి లాగే మందు ఇప్పటికీ లేదు. అందుకే కంఠసర్పిలో గంటలను లెక్కపెట్టాలి. జబ్బు మొదలైన మొదటి రోజు మందు అందిన బిడ్డకు, నాలుగో రోజు అందిన బిడ్డకు మధ్య తేడా చావుబతుకుల తేడా. అనుమానం వచ్చిన వెంటనే, పరీక్షల ఫలితం కోసం ఆగకుండా ఇవ్వాలని వైద్యశాస్త్రం చెబుతుంది, ఎందుకంటే గొంతులోంచి తీసిన నమూనాను పెంచి నిర్ధారించడానికి రోజులు పడుతుంది.

ఆ మందును బెర్లిన్‌లో కాక్ సంస్థలో పనిచేస్తున్న ఎమిల్ బెరింగ్, జపాను నుంచి వచ్చిన షిబాసబురో కితసాటో కలిసి 1890లో కనుగొన్నారు. ధనుర్వాతం, కంఠసర్పి విషాలను చిన్న మోతాదుల్లో జంతువులకు ఎక్కిస్తే వాటి రక్తరసంలో విషానికి విరుగుడు పుడుతుంది. ఆ రక్తరసాన్ని ఇంకో జంతువుకు ఎక్కిస్తే అదీ బతుకుతుంది. వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో బెరింగ్‌కు ఇచ్చింది దీనికే. కితసాటోకు ఇవ్వలేదు. అది అన్యాయమనే నా అభిప్రాయం, ఆ వాదన ఇక్కడ పెంచను.

ప్రయోగశాలలో కనుగొన్నది ఆస్పత్రి మంచం దాకా చేరడం వేరే కథ. ఎమిల్ రూ గుర్రాలను ఎంచుకున్నాడు. గుర్రం పెద్ద జంతువు, రక్తం ఎక్కువ తీయవచ్చు. 1894లో పారిస్‌లోని పిల్లల ఆస్పత్రిలో కంఠసర్పితో చేరిన పిల్లలందరికీ గుర్రపు రక్తరసం ఎక్కించాడు. అంతకు ముందు కొన్నేళ్లుగా ఆ వార్డులో నూటికి సుమారు 52 మంది పిల్లలు చనిపోయేవారు. ఆ సంఖ్య 24కు తగ్గింది. అదే నెలల్లో, అదే నగరంలో, రక్తరసం ఇవ్వని త్రూసో ఆస్పత్రిలో నూటికి దాదాపు 60 మంది చనిపోయారు. ఆ సెప్టెంబరులో బుడాపెస్టులో జరిగిన మహాసభలో రూ ఈ లెక్కలు చదివాడు. ఫ్రాన్సులో ఫిగారో పత్రిక చందాలు పోగుచేయడం మొదలుపెట్టింది. ఆ డబ్బుతో గుర్రాలు కొన్నారు, శాలలు కట్టారు. అత్యవసర మందు కోసం జనమే చందాలు వేసుకున్న రోజులవి.

మందు పనిచేస్తే సరిపోదు, అది శుభ్రంగానూ ఉండాలి. 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జిమ్ అనే గుర్రం నుంచి తీసిన ప్రతివిషంలో ధనుర్వాత విషం కలిసిపోయింది. 13 మంది పిల్లలు చనిపోయారు. ఆ గుర్రానికి జబ్బు వచ్చిందని తెలిశాక కూడా అంతకు ముందు తీసిన రక్తరసం సీసాలు వాడకంలోకి వెళ్లిపోయాయి. 1902లో ఆ దేశం జీవసంబంధ మందుల తయారీపై చట్టం చేసింది. నేడు మందుల కర్మాగారాలకు ఉన్న కఠిన నియమాలకు మూలాల్లో ఆ సంఘటన ఒకటి. ఈ నియమాలు తర్వాత మన కథలోకి మళ్లీ వస్తాయి, గుర్తుపెట్టుకోండి.

ఇంకో కథ మీలో కొందరు యానిమేషన్ సినిమాగా చూసే ఉంటారు. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో కంఠసర్పి పుట్టింది. సముద్రం గడ్డకట్టింది, ఓడలు రావు. ఊళ్లో ఉన్న ప్రతివిషానికి గడువు తీరింది. వైద్యుడు కర్టిస్ వెల్చ్ కొత్త మందు కోసం ముందు వేసవిలోనే రాశాడు, ఓడరేవు మూతపడేలోపల అది రాలేదు. చివరికి 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా మంచు మీద దాదాపు 1,085 కిలోమీటర్లు పరుగెత్తి అయిదున్నర రోజుల్లో మందు చేర్చారు. చివరి బండిని లాగిన బాల్టో అనే కుక్కకు న్యూయార్కులో విగ్రహం పెట్టారు. అందరూ కుక్కలను మెచ్చుకుంటారు. నాకు మాత్రం వెల్చ్ రాసిన ఇండెంటు మీదే దృష్టి పోతుంది. ఆ మందు వేసవిలోనే ఓడలో వచ్చి ఉంటే కుక్కలు పరుగెత్తే అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. హిమాచల్ ప్రదేశ్ కొండల్లో, కసౌలీలో, 1905లో స్థాపించిన కేంద్ర పరిశోధనా సంస్థ ఉంది. టీకాలు, ప్రతివిషాలు తయారుచేసే పాత ప్రభుత్వ సంస్థల్లో అది ఒకటి. ఢిల్లీ ఆస్పత్రికి కంఠసర్పి ప్రతివిషం అక్కడి నుంచే రావాలి. దీన్ని బట్టీలో ఇటుకల్లా ఆర్డరు రాగానే అచ్చుపోయడం కుదరదు. బలహీనపరిచిన విషాన్ని గుర్రానికి వారాల తరబడి, మోతాదు పెంచుకుంటూ ఎక్కించాలి. దాని రక్తంలో విరుగుడు తగినంత పెరిగిందో లేదో కొలవాలి. అప్పుడు రక్తం తీసి, కణాలను వేరుచేసి, అక్కరలేని ప్రొటీన్లను తొలగించి, బలాన్ని ప్రమాణాలతో పోల్చి, శుద్ధతను పరీక్షించి, సీసాల్లో నింపి, చల్లని పెట్టెల్లో పంపాలి. పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందు కూడా ఈ పద్ధతిలోనే తయారవుతుంది. మొత్తం పనికి నెలలు పడుతుంది. సెప్టెంబరులో బిడ్డ గొంతుకు కావలసిన మందు తయారీ ఆ ఏడాది మొదట్లోనే మొదలై ఉండాలి.

పైగా ఈ జబ్బుకు ఒక రుతువు ఉంది. ఉత్తర భారతంలో వానలు తగ్గుముఖం పట్టే ఆగస్టు నుంచి అక్టోబరు, నవంబరు దాకా కేసులు పెరుగుతాయి. ఆ ఆస్పత్రి సిబ్బందికి ఇది కొత్త సంగతి కాదు. 2018లో మందు ఎందుకు లేదన్న దాని మీద ఆస్పత్రి, అప్పట్లో దాన్ని నడిపిన ఉత్తర ఢిల్లీ నగరపాలక సంస్థ, తయారీ సంస్థ మధ్య వాదోపవాదాలు జరిగాయి. నిధులు, ముందస్తు చెల్లింపులు, సరఫరా, తయారీ నియమాలకు తగ్గట్టు కర్మాగారాన్ని మార్చుకోవడం, ఇవన్నీ ఆ చర్చలోకి వచ్చాయి. సెయింట్ లూయిస్ పిల్లల చావు వల్ల పుట్టిన శుద్ధత నియమాలు ఎంత అవసరమో మనం చూశాం. ఆ నియమాల కోసం తయారీ తగ్గినప్పుడు ఇంకో దారి చూసిపెట్టడమూ అంతే అవసరం. వార్తలు వచ్చాక కసౌలీ నుంచి ప్రతివిషం హడావిడిగా తెప్పించారు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్లో కొందరు మందు వచ్చిన తర్వాత కూడా దక్కలేదు. కణంలోకి దిగిన విషం గురించి పైన చెప్పింది గుర్తు చేసుకోండి.

ఇది పేద దేశాల సమస్య అనుకునేరు. 2015లో స్పెయిన్‌లోని ఒలోత్ పట్టణంలో టీకా వేయించని ఆరేళ్ల బాలుడికి కంఠసర్పి వచ్చింది. ఆ దేశంలో దాదాపు 30 ఏళ్లుగా ఆ జబ్బు లేదు. ప్రతివిషమూ లేదు. చివరికి రష్యా నుంచి తెప్పించారు. బార్సిలోనా ఆస్పత్రిలో నాలుగు వారాలు పోరాడి ఆ బాలుడు జూన్ 27న చనిపోయాడు. జబ్బు తగ్గేకొద్దీ మందుకు గిరాకీ తగ్గుతుంది, గిరాకీ తగ్గేకొద్దీ తయారుచేసేవాళ్లు తగ్గిపోతారు, మళ్లీ జబ్బు వచ్చిన రోజున మందు దొరకదు. లాభం లేని మందును ఎవరు తయారుచేసి నిల్వ ఉంచాలన్న ప్రశ్నకు జవాబు సంత దగ్గర దొరకదు, ప్రభుత్వాల దగ్గరే దొరకాలి.

బిడ్డ ఆస్పత్రి గుమ్మం చేరిన తర్వాత సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. మన దేశంలో పిల్లలకు ప్రత్యేక ఆస్పత్రులు స్వాతంత్ర్యం వచ్చాక వేగంగా పెరిగాయి. హైదరాబాదులో నీలోఫర్ ఆస్పత్రి 1953లో, ఢిల్లీలో కళావతి శరణ్ పిల్లల ఆస్పత్రి 1956లో వచ్చాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దారి దూరం తగ్గింది. కానీ గుమ్మం దగ్గర వరస సంగతి? ఆఫ్రికాలోని మలావీ దేశంలో, బ్లాంటైర్ నగరపు పెద్దాస్పత్రిలో, ఎలిజబెత్ మాలినో అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఒక మామూలు సంగతి గమనించారు. పిల్లలు వచ్చిన వరసలో కూర్చుంటున్నారు. ఆస్పత్రిలో చనిపోయే పిల్లల్లో చాలామంది చేరిన మొదటి 24 గంటల్లోనే చనిపోతున్నారు. కొందరు వరసలో ఉండగానే.

వాళ్లు చేసింది ఖరీదైన పని కాదు. తలుపు దగ్గరే ఒక మనిషిని నిలబెట్టి, ప్రతి బిడ్డనూ చూడమన్నారు. ఊపిరి అడ్డుపడుతోందా, పెదవులు నీలంగా ఉన్నాయా, చేతులు చల్లబడ్డాయా, స్పృహ ఉందా, ఫిట్స్ ఉన్నాయా, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిందా? వీటిలో ఏది ఉన్నా వరస దాటించి వెంటనే చికిత్స. ఓపీ చీటీ తర్వాత. 2001లో విభాగాన్ని ఇలా మార్చాక, అంతకు ముందు నూటికి 10 నుంచి 18 దాకా ఉన్న చేరిన పిల్లల మరణాలు 6 నుంచి 8కి తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ పద్ధతికి శిక్షణ పుస్తకం తెచ్చింది. మన దేశం 2009లో ఆస్పత్రి సిబ్బంది శిక్షణలో దీన్ని చేర్చుకుంది. తలుపు దగ్గర ఉన్న సిబ్బంది కళ్లు తెరుచుకుని ఉంటే కంఠసర్పి బిడ్డ వరసలో కూర్చోడు. కానీ ఆ తలుపు దాటాక ఫ్రిజ్ తెరిస్తే సీసా లేకపోతే, ముందు చేసిన పనంతా అక్కడ ఆగిపోతుంది. అందుకే అత్యవసర విభాగాన్ని బాగుచేయడమంటే మంచాలు, గొట్టాలు పెంచడంతో పాటు, స్టాకు రిజిస్టరు రాసే ఫార్మసిస్టు పనిని కూడా వైద్యంలో భాగంగా చూడాలి. ఆయన పేరు ఏ కథలోనూ రాదు. వర్షాకాలానికి ముందు ఆయన పంపే ఇండెంటుకు సకాలంలో జవాబు రావాలి.

ఇక చివరి లంకె అన్నిటికంటే ముందుది, టీకా. 1923లో గాస్తోన్ రామోన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త విషాన్ని ఫార్మలిన్‌తో, కొద్దిపాటి వెచ్చదనంతో మచ్చిక చేశాడు. అది జబ్బు కలిగించదు, శరీరానికి విషాన్ని గుర్తుపట్టడం మాత్రం నేర్పుతుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి ఇచ్చే టీకా 1978లో మన జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. జబ్బు బాగా తగ్గింది, పోలేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందిన కంఠసర్పి కేసుల్లో దాదాపు సగం, 8,788, భారతదేశానివే.

ఎందుకు పోలేదో తెలుసుకోవడానికి మన హైదరాబాదే ఆధారం ఇచ్చింది. నల్లకుంట కోరంటి దవాఖానాకు సర్ రోనాల్డ్ రాస్ సంస్థ అని ఇంకో పేరు ఉంది. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రాస్ పేరు మీద పెట్టారు. 2003 నుంచి 2006 దాకా అక్కడికి వచ్చిన కంఠసర్పి రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది. జబ్బు ఎక్కువగా కనిపించింది పసిపిల్లల్లో కాదు, 5 నుంచి 19 ఏళ్ల వారిలో. 15 ఏళ్లు దాటినవారిలో మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ మోతాదులు వేయించుకున్న వారిని టీకా కాపాడింది. చిన్నప్పటి మూడు మోతాదులు వేయించి, తర్వాతి బలవర్ధక మోతాదులను వదిలేసిన కుటుంబాలు ఎక్కువ. టీకా ఇచ్చిన రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతుంది. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తర్వాత 1990లలో ఆ దేశాల్లో లక్షన్నరకు పైగా కంఠసర్పి కేసులు, సుమారు 5,000 మరణాలు నమోదైనప్పుడు వయోజనులు కూడా పెద్ద సంఖ్యలో జబ్బుపడటానికి ఒక కారణం అదే.

ఆ 5 నుంచి 19 ఏళ్ల మధ్య ఎవరున్నారు? ఈ పేజీ చదువుతున్న మీలో చాలామంది. మన జాతీయ పట్టిక ప్రకారం 6, 10, 14 వారాలకు అయిదు జబ్బుల టీకా వేస్తారు. అందులో కంఠసర్పి ఒకటి. తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య ఒక బలవర్ధక మోతాదు, 5 నుంచి 6 ఏళ్ల మధ్య ఇంకొకటి. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు ఇంతకు ముందు ఒక్క ధనుర్వాతానికే సూది వేసేవారు. 2019 నుంచి దాని స్థానంలో ధనుర్వాతం, కంఠసర్పి రెంటికీ కలిపిన టీడీ సూది వచ్చింది. పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివేవాళ్లకు ఇది అయిదో నిమిషంలో అయిపోయే పని. చెయ్యి ఒక రోజు నొప్పి పెడుతుంది, అంతే.

ఇంట్లో మీ టీకాల కార్డు ఉంటే తీసి చూడండి, ముఖ్యంగా అయిదేళ్ల తర్వాత ఉన్న గళ్లు. అవి ఖాళీగా ఉంటే ఊళ్లోని ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎమ్‌నో అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామాల్లో టీకాలు వేసే రోజులు సాధారణంగా బుధవారం, శనివారం. వెళ్లేటప్పుడు తమ్ముడి కార్డు, చెల్లెలి కార్డు కూడా పట్టుకెళ్లండి.